అట్టలో మూడు కిటికీలు

జూన్ 3, సోమవారం

అక్కకి యాభై ఒకటో ఏట ఇంగ్లీషు పిచ్చి పట్టింది.

పొద్దున టీ తాగుతూ తాపీగా చెప్పింది, మీ సెంటర్లో చేరుతున్నానే చిట్టీ అని. నాకు టీ పొలమారింది. ప్యాంట్లు పొట్టి చేసి, జిప్పులు మార్చే నీ షాపుకి స్పోకెన్ ఇంగ్లీషు ఎందుకక్కా అన్నాను. కొన్ని మాటలు తెలుగులో నోటికి రావట్లేదు, ఇంగ్లీషులో అయితే వస్తాయేమో అంది. ఏంటా మాటలు చెప్పు అన్నాను. అవి రావట్లేదనేగా చేరుతున్నది అంది. వాదనలో అక్కని గెలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు.

నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటికి అక్కకి పంతొమ్మిది. ఆ షాపులో కుట్టుమిషను తొక్కే నన్ను చదివించింది. ఇప్పుడు నేను టీచర్ని, స్టాఫ్ రూములో నాకో కుర్చీ, నా పేరు రాసిన కప్పు. అలాంటి అక్క నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఈజ్, ఆర్ తప్పులు చేస్తుంటే నేను చూడలేను. నా ఈవెనింగ్ బ్యాచ్ వద్దు, మార్నింగ్ బ్యాచ్‌లో చేరు అన్నాను. ఇంకోటి కూడా అన్నాను. నా అక్కవని అక్కడ ఎవరికీ చెప్పకు అని.

సరేలే అంది. మొహం ఏమీ మారలేదు. రాస్తుంటే సిగ్గేస్తోంది. అయినా ఇది నా డైరీ, ఎవరు చదివి చచ్చారు.

జూన్ 5, బుధవారం

అక్క మొదటి క్లాసు అయింది. మార్నింగ్ సార్ చాలా నెమ్మదస్తుడట, కోప్పడడట. నా గురించి ఈవెనింగ్ వాళ్ళు ఏం చెప్పుకుంటారో నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను.

మా సెంటర్లో రోజూ ఒక పేపరు ఉంటుంది. మూడు లైన్లు. మొదలు ప్రింటయి ఉంటుంది, ఐయామ్ టైర్డ్, ఐయామ్ అఫ్రైడ్, థాంక్యూ, ఇలా. మిగతాది స్టూడెంటు తన గురించి నిజంగా జరిగింది రాయాలి. ప్రిపొజిషన్, దాని వెనకాల ఐఎన్‌జీ. ఈ మూడు నెలల కోర్సులో సగం గోల ఇదే. పక్షపాతం ఉండకూడదని మార్నింగ్ పేపర్లు నేను దిద్దుతాను, నావి మార్నింగ్ సార్ దిద్దుతాడు. పేర్లుండవు, నంబర్లే.

దిద్దడానికి ఓనరు ఒక అట్ట చేయించాడు. దానికి మూడు కిటికీలు కోసి ఉంటాయి. పేపరు మీద పెడితే ఒక్కో లైన్లో ఆ రెండు మాటలే కనిపిస్తాయి. ఆఫ్ ఫాలింగ్, టిక్కు. ఎట్ కుకింగ్, టిక్కు. ఎవడు పడతాడో, ఎవరు వండుతారో మనకి అనవసరం, ఫార్మ్ ఓన్లీ, కంటెంట్ మన పని కాదు అంటాడు ఓనరు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు డెబ్బై రెండు పేపర్లు పంతొమ్మిది నిమిషాల్లో అవగొడతాను. సెంటరు మొత్తం మీద రికార్డు నాదే.

నీ నంబరు నాకు చెప్పకు, ఫేవర్ చేశానంటారు అన్నాను అక్కతో. చెప్పను, నేను రాసింది చదివితే నువ్వే గుర్తుపడతావు అంది. నీ తప్పుల్ని చూసి గుర్తుపడతాలే అన్నాను. నవ్వింది.

జూన్ 12, బుధవారం

ఇల్లంతా ఐఎన్‌జీ మయం. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ ఐయామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ ఈటింగ్ అంటుంది. చెప్పుల కోసం వెతుకుతూ ఐయామ్ ఫెడప్ విత్ సెర్చింగ్ అంటుంది. నిన్న ఒక కస్టమరు కోటు చంకలో చినిగిందని వస్తే, సర్, యూ షుడ్ స్టాప్ గ్రోయింగ్ అందట. అతను పడీపడీ నవ్వాడట. స్టాప్ వెనకాల ప్రిపొజిషన్ లేదుగా అని నేనంటే, పొట్ట ఉందిగా అంది.

సాయంత్రం అడిగింది, ఇవాళ్టి పేపర్లు చూశావా అని. చూశాను అన్నాను. అన్నీ చదివావా అంది. చదవకుండా మార్కులెలా వేస్తాను అన్నాను.

కాసేపు నన్నే చూసింది. తర్వాత లేచి నాకు గుడ్డు వేసి పెట్టింది. తను తినలేదు, ఆకలి లేదంది.

అఫ్రైడ్ అనగానే పదిమందిలో నలుగురు ఆఫ్ డయింగ్ అనే రాస్తారు. అందులో ఒకళ్ళకి ఇవాళ స్పెల్లింగ్ కూడా రాలేదు. ఐఈ తీసేసి వై పెట్టాలని ఎన్నిసార్లు చెప్పాలి? కేర్‌ఫుల్ అని ఎర్రసిరాతో రాసి కింద గీత కూడా కొట్టాను.

జూన్ 13, గురువారం

బాత్రూమ్ ట్యాపు మళ్ళీ మొరాయించింది. బకెట్ నిండడానికి ఇరవై నిమిషాలు. బట్టలన్నీ నానబెట్టి తలుపేసుకుని అక్కడే స్టూలు మీద కూర్చుంటున్నాను.

జూన్ 25, మంగళవారం

అక్క మంగళవారాలు మధ్యాహ్నం షాపు మూసేస్తోంది. ఎక్కడికెళ్ళావు అని అడిగాను. నీకు తెలుసుగా అంది. దారాలు, బటన్లు కొనడానికి హోల్‌సేల్ బజారుకి వెళ్ళుంటుంది. ఊరి అవతల కదా, అందుకే అంత నీరసంగా వస్తోంది. బస్సులో వెళ్ళొచ్చు కదా, నడిచి వెళ్ళి ప్రాణం తీసుకోకు అని చీవాట్లు పెట్టాను. బస్సులోనే వెళ్ళానే అంది మెల్లగా.

చిక్కింది. నేనూ చిక్కాలి అలా. నాకు మాత్రం నీళ్ళు తాగినా ఒళ్ళొస్తుంది.

జూలై 5, శుక్రవారం

ఇవాళ నిజంగా సంతోషంగా ఉంది. మార్నింగ్ బ్యాచ్‌లో ఒక బుర్ర తగిలింది. థాంక్యూ తర్వాత కిటికీలో ఫర్ నాట్ అని కనిపించింది. నాట్ పెట్టడం మేమింకా చెప్పనే లేదు. ఐఎన్‌జీ ఉందా లేదా అని అట్ట అరంగుళం జరిపాను. ఫర్ నాట్ క్రయింగ్. ఎవరో పసిబిడ్డ తల్లి అయ్యుంటుంది. ఏడాదిలో మొదటిసారి ఎక్స్‌లెంట్ అని రాశాను. పక్కన స్టారు కూడా వేశాను.

ఇంటికొచ్చి అక్కకి చెబుదామనుకున్నాను. అప్పటికే నిద్రపోతోంది. ఈ మధ్య ఏడింటికే పడుకుంటోంది.

జూలై 6, శనివారం

పొద్దున లేచేసరికి అక్క నా మంచం అంచున కూర్చుని నా తల నిమురుతోంది. నువ్వింత గట్టిదానివని అనుకోలేదే అంది. మొన్న ఓనరుతో నేను పోట్లాడిన సంగతి ఎవరో చెప్పి ఉంటారు. లేకపోతే మీద ఎక్కి కూర్చుంటారు అక్కా అన్నాను. ఆవిడ ఏమనుకుందో తెలీదు, ఔను ఎక్కి కూర్చుంటుంది, మనం కూడా దాన్ని లెక్క చెయ్యకూడదు అంది.

జూలై 11, గురువారం

అక్క షాపుని పక్క బటన్ల కొట్టు ఆవిడకి అప్పజెబుతోందట. నాకు ఆ బటన్లావిడ చెబితే తెలిసింది! ఇంటికొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. ముప్ఫై ఏళ్ళ షాపు, నాకొక మాట చెప్పకుండా ఎలా ఇస్తావు, నేనేమైనా పరాయిదాన్నా అన్నాను. అక్క తెల్లబోయింది. అదేంటే, నీకు చెప్పాను కదా అంది. ఎప్పుడు చెప్పావు అని అరిచాను. సరేలే, నీకు కోపం వస్తుందని నాకు తెలుసు, కోప్పడు అంది. నేను తలుపు ధడాల్న వేసుకున్నాను.

జూలై 12, శుక్రవారం

మాటల్లేవు.

జూలై 19, శుక్రవారం

హాస్పిటల్. వరండాలో కూర్చుని సెంటర్ పేపరు వెనక రాస్తున్నాను, ఇంటికెళ్ళాక డైరీలో అంటిస్తాను.

అక్క షాపులో మిషను మీదకి ఒరిగిపోయింది. బటన్లావిడ ఫోను చేసింది. క్లాసు మధ్యలో వదిలేసి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చాను.

డాక్టర్ నన్ను చూసి, చెల్లెలు మీరేనా అన్నాడు. కడుపులో గడ్డ అట. కాలేయం దాకా పాకిందట. మే నెలలోనే తెలిసిందట. అక్క ప్రతి మంగళవారం ఇక్కడికే వస్తోందట. మా వాళ్ళెవరికీ తెలియకుండా ఎలా చూస్తారండీ అని ఆయన మీదే విరుచుకుపడ్డాను. ఆయన ఆశ్చర్యపోయాడు. మా చెల్లెలికి అన్నీ తెలుసు, రోజూ రాసిస్తున్నాను, అది చదువుతోంది అని మీ అక్క చెప్పిందండీ అన్నాడు.

రాసివ్వడం ఏంటి అన్నాను. అనగానే తెలిసిపోయింది.

అదే రోజు, సాయంత్రం

అక్క మిషను డ్రాయరులో ఉన్నాయి. దిద్దిన పేపర్లన్నీ తేదీల వారీగా, గుండుసూదులతో బొత్తులు కట్టి. నంబరు 63. ముప్ఫై రెండు పేపర్లు. అన్నిటి మీదా నా ఎర్రసిరా.

అట్ట లేకుండా చదివాను.

జూన్ అయిదు. ఐయామ్ ప్రౌడ్ ఆఫ్ బీయింగ్ మై సిస్టర్స్ సిస్టర్, బట్ హియర్ నోబడీ నోస్. టిక్కు పెట్టాను. గుడ్ అని రాశాను.

జూన్ పదకొండు. ఐయామ్ టైర్డ్ ఆఫ్ హైడింగ్ మై స్టమక్ పెయిన్. ఇట్ ఈజ్ బిగ్ డిసీజ్, చిట్టీ. చిట్టీ అని రాసింది! ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు అంత లావున ఉంది. కిటికీకి రెండంగుళాల అవతల. టిక్కు.

జూన్ పన్నెండు. ఐయామ్ అఫ్రైడ్ ఆఫ్ డయింగ్ బిఫోర్ యూ నో. స్పెల్లింగ్ దిద్దాను నేను. కేర్‌ఫుల్ అని గీత కొట్టాను. మా అక్క నేను చస్తానేమోనని భయంగా ఉందే అని చెప్పుకుంటే, జాగ్రత్త, వై పెట్టాలి అన్నాను.

జూన్ పద్దెనిమిది. ఐయామ్ థింకింగ్ అబౌట్ గివింగ్ షాప్ టు బటన్ లేడీ. డాక్టర్ టోల్డ్ సిక్స్ మంత్స్. మూడుకి మూడు, కీప్ ఇట్ అప్.

జూన్ ఇరవై ఆరు. యెస్టర్‌డే ఐ కేమ్ హోమ్ ఫ్రమ్ హాస్పిటల్ విదౌట్ టెల్లింగ్, బట్ ఐ నో యూ నో. యూ స్కోల్డెడ్ మీ టు గో బై బస్.

జూలై మూడు. మై సిస్టర్ ఈజ్ గుడ్ ఎట్ హైడింగ్ హర్ టియర్స్.

జూలై అయిదు. థాంక్యూ ఫర్ నాట్ క్రయింగ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ మీ.

ఎక్స్‌లెంట్. స్టారు.

ఇంక రాయలేను.

జూలై 20, శనివారం

అంటే నాకు తెలుసనుకుంది. తెలిసి, బయటపడకుండా, తన కోసం పళ్ళ బిగువున ఓర్చుకుంటున్నాననుకుంది. నీకు తెలుసుగా అన్నప్పుడల్లా నిజంగానే అంది. నేనేమో దారాలు అనుకున్నాను. బటన్లు అనుకున్నాను. నా మొహం అనుకున్నాను.

డాక్టర్ని అడిగాను, జూన్‌లోనే తెలిసుంటే ఏమైనా చేయగలిగేవాళ్ళమా అని. పెద్ద తేడా ఉండేది కాదండీ, కాకపోతే పక్కన మనిషి ఉండేవారు అన్నాడు. ఉండేవారు ఏంటి. ఉన్నాను. ఆ రెండు గదుల్లోనే ఉన్నాను. పక్క మంచం మీదే ఉన్నాను.

జూలై 22, సోమవారం

సెలవు పెట్టడానికి సెంటర్‌కి వెళ్ళాను. మార్నింగ్ సార్‌కి అంతా చెప్పేశాను, 63 మా అక్కని కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. చెప్పేయండి మేడమ్, చదవలేదని నిజం చెప్పేయండి, మనసు తేలికపడుతుంది అన్నాడు.

ఎవరి మనసు? నాది తేలికపడుతుంది. చెబితే ఆవిడకి తెలిసేది ఏంటి? ఆ నెలన్నరా తను ఒంటరిగానే ఉందని. తోడు ఉందనుకుని బతికిన రోజుల్ని కూడా లాక్కోవడమేగా అది.

కానీ చెప్పకపోతే? ఆ పేపర్లు చదివానన్నది తప్ప ముప్ఫై ఏళ్ళుగా నేను ఆవిడతో అబద్ధం ఆడలేదు. నాకు చేతకాదు, మొహంలో కనిపించేస్తుంది. చెప్పాలా వద్దా, చెప్పాలా వద్దా, బస్సులో అంతా ఇదే. నా స్టాపు కూడా దాటిపోయింది.

మీ ఈవెనింగ్ పేపర్లలో ఏం రాస్తారో నేను కూడా ఎప్పుడూ చూడలేదు మేడమ్ అన్నాడు ఆయన, నేను వచ్చేస్తుంటే.

జూలై 24, బుధవారం

ఇవాళ చెప్పేద్దామనే వెళ్ళాను. అక్కా, ఆ పేపర్లు, అని మొదలుపెట్టాను కూడా.

ఆవిడే అందుకుంది. వాటిల్లో నీకు ఏది బాగా నచ్చింది అని అడిగింది. గొంతు సగం అయిపోయింది, కళ్ళు మాత్రం స్కూలు పిల్ల మార్కులు అడిగినట్టు ఉన్నాయి. ఎక్స్‌లెంట్ వేశానుగా, అదే అన్నాను. నాక్కూడా అదే, విడిగా గుచ్చి పెట్టుకున్నాను, చూశావా అంది. చూశాను అన్నాను. అదొక్కటీ నిజం.

తర్వాత అడిగింది, నా ముందు ఏడవలేదు సరే, మరి ఎక్కడ ఏడ్చేదానివే అని.

ఆవిడే చెప్పింది. నాకు తెలుసులే, బాత్రూమ్‌లో కదా, ట్యాపు తిప్పి ఉంచేదానివి, నేను తలుపు బయట నిలబడి వినేదాన్ని, తలుపు కొడదామనుకుని కొట్టలేదు, దాని ఏడుపు దాన్ని ఏడవనిద్దాం అనుకున్నాను అంది.

బట్టలు నానబెట్టుకుని కూర్చున్నాను నేను. ఫోను చూసుకుంటూ. ఆవిడ కడుపు పట్టుకుని తలుపు అవతల నిలబడింది.

అవునక్కా, బాత్రూమ్‌లోనే అన్నాను.

ఆవిడ చెయ్యి చాపి నా చెవి మెలిపెట్టింది, చిన్నప్పటిలా. పిండే బలం లేదు, ఊరికే పట్టుకుంది. అప్పుడు ఏడ్చాను, ఆవిడ ముందే, మంచం పట్టీకి తల ఆనించి. అయ్యో, ఎక్స్‌లెంట్ పోయిందే చిట్టీ అని నవ్వింది.

ఆగస్టు 2, శుక్రవారం

రోజూ మేమిద్దరం మూడు వాక్యాలు చెప్పుకుంటున్నాం. ఆవిడ చెబుతుంది, నేను వింటాను. ఐయామ్ బోర్డ్ విత్ లైయింగ్. అంటే పడుకోవడమే, నాలాగా అబద్ధాలాడడం కాదు. ఐయామ్ ఫాండ్ ఆఫ్ వాచింగ్ దట్ ఫ్యాన్. ఆ నర్సు ఈజ్ బ్యాడ్ ఎట్ ఫైండింగ్ మై నరం.

చెప్పాక ఎన్ని మార్కులు అని అడుగుతుంది.

ఆగస్టు 13, మంగళవారం

మార్నింగ్ సార్ చూడ్డానికి వచ్చాడు. ఎక్కడ నోరు జారతాడోనని ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన మంచం పక్కన నిలబడి, మీ పేపర్ల గురించి మేడమ్ రోజూ స్టాఫ్ రూములో చెప్పేవారండీ అన్నాడు. అక్క నావైపు చూసింది. మా చెల్లెలండీ ఈవిడ అంది ఆయనతో, ఏదో కొత్త సంగతి చెబుతున్నట్టు.

అవునండీ, అందరికీ తెలుసండీ అన్నాడు. ఆయన ఋణం తీర్చుకోలేను.

ఆగస్టు 20, మంగళవారం

ఇవాళ వాక్యాలు లేవు. చెయ్యి మాత్రం పట్టుకుంది.

ఆగస్టు 24, శనివారం

అక్క పోయింది. మధ్యాహ్నం మూడుంపావుకి. ఎండ కిటికీలోంచి దుప్పటి మీద పడుతోంది.

నేను చెప్పలేదు.

సెప్టెంబర్ 9, సోమవారం

కొత్త బ్యాచ్. అట్ట లేకుండా దిద్దాను. డెబ్బై పేపర్లకి నాలుగున్నర గంటలు. 17 కుక్కలకి భయపడతాడు. 40 వాళ్ళావిడ ఇంట్లోంచి వెళ్ళిపోయాక టీ పెట్టడం నేర్చుకున్నాడు. 52 ఆఫ్ డయింగ్ అని రాసింది, లేచి వెళ్ళి వెతికి పట్టుకున్నాను, బాగానే ఉందట, సినిమా గురించి రాసిందట. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పర్లేదు.

ఓనరు పిలిచి, ఇలా అయితే ఎలా మేడమ్, మీ రికార్డు ఏమైంది అన్నాడు. ఆ రికార్డు గురించి నాతో మాట్లాడకండి అన్నాను. గొంతు ఎంత లేచిందో మరి, మళ్ళీ ఏమీ అనలేదు.

ఇంటికొస్తే ఎవరూ అడగరు, ఇవాళ్టి పేపర్లు చదివావా అని. చదివాను అక్కా. అన్నీ చదివాను.

సెప్టెంబర్ 12, గురువారం

ఖాళీ పేపరు ఒకటి తీసుకుని నంబరు దగ్గర 63 అని వేశాను. నా ఈవెనింగ్ బ్యాచ్‌లో ఉన్నది అరవై మందే.

ఐయామ్ సారీ ఫర్ గివింగ్ యూ మార్క్స్.

ఐ కేమ్ హోమ్ విదౌట్ రీడింగ్ వన్ లైన్, ఎవ్రీ డే, అండ్ ఐ టోల్డ్ యూ ఐ రెడ్.

ఐయామ్ టైర్డ్ ఆఫ్ నోయింగ్ దిస్ ఎలోన్.

దాన్ని బొత్తి మధ్యలో పెట్టి మార్నింగ్ సార్ టేబుల్ మీద ఉంచాను. మంచివాడు. చదివితే ఏమంటాడో తెలీదు. ఎవరో ఒకరు చదివితే చాలు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

63 తిరిగొచ్చింది. మూడుకి మూడు. పక్కన గుడ్ అని ఉంది.